దీపాల వేళ బూడిద అట్ట రికార్డు

పోయిన వారం మా ఇంట్లో ఇన్వర్టర్ బిగించిన ఎలక్ట్రీషియన్ పని ముగించాక నన్ను పిలిచి, పెట్టె మీద వెలుగుతున్న అంకె చూపించాడు.

"యాభై అండీ. కరెంటు సెకనుకి యాభైసార్లు అటూ ఇటూ ఊగుతోందని లెక్క. ఇప్పుడిది కదలదండీ. పాతరోజుల్లో అయితే సాయంత్రమయ్యేసరికి దిగిపోయేది."

"ఎంత దిగేది?" అని అడిగాను.

"అప్పుడెవరు చూశారండీ?" అన్నాడతను.

నేను చూశాను. డెబ్భైల్లో, పటమటలో, తెలియకుండానే మూడేళ్లు చూశాను. కరెంటును కొలుస్తున్నానని అప్పుడు అనుకోలేదు. ఒక మనిషి నిజాయితీని కొలుస్తున్నాననుకున్నాను.

ఆయన మాకు రెండిళ్ల అవతల ఉండేవారు, నేను అన్నయ్యగారూ అని పిలిచేదాన్ని. కాలవల ఆఫీసులో డ్రాయింగులు గీసి రిటైరయ్యారు. ఆదివారం పొద్దున చర్చిలో నలభైమంది పాడేవాళ్లకి శ్రుతి ఇచ్చేవారు. ఆదివారం సాయంత్రం ఇంట్లో గ్రామఫోన్ రికార్డులు పెట్టేవారు. రెండింటికీ ఒకే తెల్లచొక్కా, పై గుండీ దాకా పెట్టుకుని. పెన్సిలు చెక్కితే పొట్టు నేల మీద పడేది కాదు, అంతా అరచేతిలోకే వచ్చేది. "బాగుంది" అన్న మాట ఆయన నోట నేను వినలేదు. మహా అయితే "ఒప్పుకోవచ్చు" అనేవారు. పులిహోర తిన్నా అదే, ప్రసంగం విన్నా అదే.

"పెళ్లిచూపుల్లో నన్నూ అదే అన్నారు వదినగారూ. మా నాన్న అది ఒప్పుకోవడం అనుకుని ముహూర్తం పెట్టేశాడు" అనేవారు ఆయన భార్య. నేనూ ఆవిడని వదినగారనే పిలిచేదాన్ని.

నేను అప్పుడు ఆడపిల్లల కాలేజీలో లెక్కలు చెప్పేదాన్ని. ఆయన ఒకరోజు మా గుమ్మంలో నిలబడి, "మీ దగ్గర సెకన్ల ముల్లున్న గడియారం ఉందటగా చెల్లెమ్మగారూ" అన్నారు.

"ఉందండీ. కావాలా?"

"గడియారం ఒక్కటే చాలదు. దాన్ని చూసే మనిషి కూడా కావాలి."

సంగతేమిటంటే, ఆయన దగ్గరున్న రికార్డులన్నీ ఒకే రకానివి. నలుగురు మనుషులు, నాలుగు తీగ వాయిద్యాలు: రెండు వయొలిన్లు, కొంచెం పెద్ద వయొలిన్ ఒకటి, మోకాళ్ల మధ్య నిలబెట్టి వాయించేది ఒకటి. క్వార్టెట్ అంటారు. పాట ఉండదు, మృదంగం ఉండదు, తాళం వేసేవారుండరు. నలుగురూ ఒకరి ఊపిరి ఒకరు కనిపెట్టుకుని వాయించుకోవాలి. రాసినవాళ్ల పేర్లు నాకు నోరు తిరిగేవి కావు. ఆయన మాత్రం వాళ్లని సొంతమనుషుల్లా "పెద్దాయన", "చెవిటాయన" అనేవారు. ఒకే క్వార్టెట్‌ని వేరువేరు బృందాలు వాయించిన రికార్డులు పక్కపక్కన పెట్టి పోల్చడం ఆయన పని. వినడం వేరట, పోల్చడం వేరట. విన్నవాళ్లంతా ఏది మేలో చీటీ మీద రాసి ఇవ్వాలి. ఏది ఎంతసేపు తిరిగిందో నేను గడియారం చూసి చెప్పాలి. ఆయన ఆ చీటీల ఫలితాన్ని ఆఫీసులో వాడగా మిగిలిన పొడుగు పుస్తకంలోకి ఎక్కించేవారు. అప్పటికే ఐదేళ్లుగా ఎక్కిస్తున్నారు.

మొదటిరోజే నాకు అనుమానం మొదలైంది. పెన్షన్ మీద బతికే మనిషికి ఇన్ని విదేశీ రికార్డులు ఎక్కడివి? నేను అడగనే లేదు, ఆయనే బీరువాలోంచి ఒక కాగితం తీసి చూపించారు. మిషన్ ఆసుపత్రిలో పనిచేసిన తెల్లదొరసాని తన దేశం వెళ్లిపోతూ ఇచ్చిన జాబితా అది. అడగకుండా రుజువు చూపించేవాళ్లని నేను త్వరగా నమ్మను. జాబితాలో నలభై ఒకటి ఉన్నాయి. బీరువాలో నలభై మూడు ఉన్నాయి.

"మీరు లెక్కపెడతారని తెలుసు. రెండు నేను మద్రాసులో పాతవి కొన్నాను" అన్నారు.

ఆ రెండింట్లో ఒకటి బూడిదరంగు అట్టది. అది గుర్తుపెట్టుకోవాలి.

వినేవాళ్లం ముగ్గురమే. నేను, ఆయన, ఉయ్యూరు నుంచి వచ్చే పంచదార ఫ్యాక్టరీ డాక్టరుగారు. కృష్ణాజిల్లా మొత్తం మీద ఈ సంగీతం గురించి ఆయనతో పోట్లాడగలిగిన మనిషి ఆ డాక్టరుగారొక్కరే. ప్రతి ఆదివారం బస్సెక్కి వచ్చేవారు. గుమ్మంలోనే మొదలయ్యేది.

"పోయినవారం మీరన్నది తప్పండీ."

"ముందు చెప్పులు విప్పండి డాక్టరుగారూ. తప్పు ఎక్కడికీ పోదు."

వదినగారు వంటింట్లోంచి, "ఆ నలుగురి తగువు ఇంకా తెగలేదా నాయనా?" అనేవారు.

నెలలో మొదటి ఆదివారం మాత్రం ఎప్పుడూ ఒకే జత. చెవిటాయన చివరిరోజుల్లో రాసిన ఒక క్వార్టెట్‌లో నెమ్మదిగా సాగే భాగం ఉంది. అది ఎర్ర అట్ట రికార్డు మీద ఒక బృందం, బూడిద అట్ట రికార్డు మీద ఇంకో బృందం వాయించాయి. నాలుగున్నరకి ఎర్రది పెట్టేవారు. తర్వాత కాఫీ, వాదన. దీపాలు పెట్టే వేళకి బూడిదది. ప్రతిసారీ బూడిదదే గెలిచేది. నేనూ దానికే రాసేదాన్ని. ఎర్రది శుభ్రంగా ఉండేది. బూడిదది వింటుంటే ఆ నలుగురూ ముందుకు వెళ్లడానికి జంకుతున్నట్టు, ఒక్కో స్వరం దగ్గర ఆగి వెనక్కి చూసుకుంటున్నట్టు ఉండేది. ఒకసారి నా కళ్లు చెమ్మగిల్లాయి. ఆయన చూశారేమోనని గడియారంలోకి తలదించాను.

అయినా ఎప్పుడూ ఎర్రదే ముందు ఎందుకు? ఒకసారి వరస మార్చి పెట్టమన్నాను.

"పద్ధతి మారిస్తే పాత లెక్కలన్నీ పోతాయి. మీరే ఇలా అంటే ఎలాగ?" అన్నారు. నాకు వాదించడానికి వీల్లేని జవాబు. సరిగ్గా అందుకే నచ్చలేదు.

ఇంకోటి. బూడిదది ప్రతిసారీ ఒకేలా తిరిగేది కాదు. ఒకసారి పదిహేను నిమిషాల యాభై సెకన్లు, ఇంకోసారి పదహారు దాటేది. రికార్డు ఒకటే, యంత్రం ఒకటే. నలుగురూ ఎప్పుడో వాయించి లేచిపోయారు. ఇప్పుడు నెమ్మదించడానికి వాళ్లక్కడ లేరు కదా. అయితే నెమ్మదిస్తున్నదెవరు? నా గడియారం తప్పేమోనని కాలేజీ ఫిజిక్స్ లాబ్ నుంచి స్టాప్‌వాచ్ తెచ్చాను. గడియారం తప్పు కాదు. అప్పటినుంచి సంగీతం వింటూ ఆయన కుడిచేతినే చూడడం మొదలుపెట్టాను.

నా మనసులో ఉన్న అనుమానాన్ని డాక్టరుగారు పైకి అనేశారు. డాక్టరుగారి దగ్గర కూడా ఎర్ర అట్ట రికార్డు ఒకటి ఉంది. ఆయన ఒక ఆదివారం బూడిదది పూర్తయ్యాక చీటీ రాయకుండా చేతులు కట్టుకుని కూర్చున్నారు.

"మా ఇంట్లో రాత్రిపూట ఎర్రది వింటే ఇంత తేలిగ్గా ఉండదు, ఇక్కడ బూడిదది వింటే ఇంత బరువు. ఏదో జరుగుతోందండీ. మీరు పళ్లెం అంచు మీద వేలు పెడుతున్నారు."

పళ్లెం అంటే రికార్డు తిరిగే చక్రం. వేలు ఆనిస్తే నెమ్మదిస్తుంది.

ఆయన బూడిదదాన్ని అట్టలోకి దోపారు. "నేను వేలు పెట్టలేదు" అన్నారు.

"పెట్టలేదని మేడమ్‌గారిని చెప్పమనండి. ఆవిడ చూపు మీ చేతి మీదే కదా ఉండేది."

ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను చూసినంతలో వేలు పెట్టలేదు. కానీ చూడని క్షణాలు కూడా ఉన్నాయి. "నాకు తెలియదు" అన్నాను. అది నిజమే. అయినా ఆయన నన్ను చూసిన చూపు నేను మర్చిపోలేదు.

డాక్టరుగారు రావడం మానేశారు. తర్వాతి ఆదివారం అన్నయ్యగారు నాలుగున్నరకే కుర్చీలు మూడు వేశారు. ఆ పైవారం కూడా మూడే వేశారు. రికార్డు తిరిగినంతసేపూ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, శిక్ష వేసిన పిల్లవాడిలా నిలబడి వినేవారు. నా కోసమే అలా నిలబడుతున్నారని నాకు తెలుసు. అందుకని ఇంకా అనుమానంగా ఉండేది.

రెండు నెలలు గడిచాక నేనే ఒక ఉపాయం చెప్పాను. ఈ యంత్రాన్నీ ఈ రెండు రికార్డుల్నీ ఉయ్యూరు తీసుకెళ్లి డాక్టరుగారి ఎదురుగా పెడదాం. నేను కొలుస్తాను. ఇక్కడ ఎంతసేపు తిరిగిందో అక్కడా అంతసేపే తిరిగితే మీ మాట నిలబడుతుంది.

సంతోషిస్తారనుకున్నాను. గ్రామఫోన్ ముల్లు మార్చాలన్నారు. ఆ పైవారం బస్సుల్లో రద్దీ అన్నారు. ఆ పైవారం వదినగారికి ఒంట్లో బాగాలేదన్నారు. వదినగారు లోపల నిక్షేపంగా కారం దంచుతున్నారు.

"నా మీద పెట్టకండి. తీసుకెళ్లండి ముందు. ఆయన రాక మీరు ఆదివారమంతా గోడలు చూస్తుంటే నా ప్రాణం పోతోంది. స్నేహితుడు కావాలా, ఆ పెట్టె కావాలా?" అన్నారామె.

"రెండూ కావాలనే కదా ఇన్నాళ్లూ ఆగింది" అన్నారు ఆయన. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు.

వెళ్లాం. జనవరి, చెరుకు ఆడే రోజులు. దుప్పట్లో చుట్టిన యంత్రం ఆయన ఒళ్లో, రికార్డులు నా ఒళ్లో.

"కుట్టుమిషనా అండీ?" అన్నాడు కండక్టరు.

"కాదు బాబూ, సంగీతం."

"దానికి టికెట్టు కొట్టాలో వద్దో నాకు తెలీదండీ. కొంచెం కిందకి దించి పట్టుకోండి, చెకింగోళ్లు ఎక్కితే నాకు మాటొస్తుంది."

ఉయ్యూరు దగ్గర చెరుకు బళ్ల వెనక బస్సు గంటసేపు ఆగింది. ఫ్యాక్టరీ కాలనీ చేరేసరికి దీపాలు వెలిగాయి. డాక్టరుగారు గుమ్మంలో నిలబడి యంత్రాన్ని చూశారు, ఆయన్ని చూశారు, "రండి" అని మాత్రం అన్నారు.

బూడిదది పెట్టాం. ఆయన గదికి అవతలి మూల కూర్చున్నారు. మొదటి నిమిషంలోనే నాకు తెలిసిపోయింది, స్టాప్‌వాచ్ అక్కర్లేకపోయింది. అది వేరే రికార్డులా ఉంది. బరువు లేదు, జంకు లేదు. నలుగురు సమర్థులు తమ పని తాము చేసుకుపోతున్నారు. పదిహేను నిమిషాల ఇరవై ఎనిమిది సెకన్లు. పటమటలో చివరిసారి పదహారు నిమిషాల ఒక సెకను. ఎర్రది పదిహేనూ పద్దెనిమిది. పటమటలో పదిహేనున్నర. మా పటమటలో రెండింటికీ ముప్పై ఒక్క సెకన్ల తేడా. ఇక్కడ పది.

దొరికారు అనుకున్నాను. అక్కడ వేలు పెడుతున్నారు, ఇక్కడ పెట్టలేకపోయారు. డాక్టరుగారి మొహంలోనూ అదే ఉంది. కాఫీ ఇస్తూ ఏదో ఒకటి మాట్లాడాలని కాబోలు, "మా బల్బు చూశారా మేడమ్‌గారూ, ఎంత తెల్లగా వెలుగుతోందో. క్రషింగ్ అయినన్నాళ్లూ కాలనీకి ఫ్యాక్టరీ కరెంటే. చెరుకు పిప్పి మండించి పుట్టిస్తారు. మీ పటమటలో ఈ వేళకి దోసపండు రంగులో ఉంటుంది" అన్నారు.

గ్లాసు కింద పెట్టి కాగితం తీసుకున్నాను. రికార్డు తిప్పే మోటారు కరెంటు ఊపుని బట్టి తిరుగుతుంది. ఊళ్లన్నీ ఒక్కసారి దీపాలు వేసుకుంటే ఊపు తగ్గుతుంది, మోటారు నెమ్మదిస్తుంది, పాట సాగుతుంది, శ్రుతి కిందికి దిగుతుంది. నాలుగున్నరకి కొంచెమే. దీపాల వేళకి నూటికి మూడున్నర పాళ్లు. ఇక్కడ ఫ్యాక్టరీ తన కరెంటును తానే సరిగ్గా నడుపుకుంటోంది. అంతా సరిపోయింది. ఒక్క సెకను కూడా మిగల్లేదు.

డాక్టరుగారు కాగితాన్ని రెండుసార్లు చదివారు. లేచి వెళ్లి ఆయన చెయ్యి పట్టుకున్నారు. "క్షమించండి. వేలు వేలంటూ మిమ్మల్ని ఎన్ని మాటలన్నాను."

ఆయన నవ్వారు. ఆ నవ్వు సరిగా లేదు. నిర్దోషి అని తేలిన మనిషి నవ్వులా లేదు.

తిరుగు బస్సులో అడిగేశాను. "అన్నయ్యగారూ, నలభైమందికి శ్రుతి ఇచ్చే చెవి మీది. హార్మోనియం మీద ఒక మెట్టుకీ పక్కమెట్టుకీ ఉన్న దూరంలో సగం పైగా దిగి మోగుతోంది ఆ రికార్డు. ఇన్నేళ్లూ మీకు తెలియలేదా?"

కంకిపాడు దాటాక చెప్పారు.

"మొదటిరోజే తెలిసింది."

"మరి డాక్టరుగారు అంత మాటన్నప్పుడు కరెంటు సంగతి చెప్పలేదేం?"

"వేలు పెట్టాననుకుంటే నేనొక్కణ్ణే దొంగనవుతాను. కరెంటని చెబితే అసలా వాయింపే లేదని తేలుతుంది."

"లేకపోవడమేంటండీ? విన్నాం కదా."

"విన్నాం. ఆ నలుగురూ మాత్రం అలా ఎప్పుడూ వాయించలేదు చెల్లెమ్మగారూ. మన ఊళ్లో దీపాలు వేసుకున్నప్పుడే అది ఉండేది. వాళ్లకి తెలియను కూడా తెలియదు." దుప్పటి ముడి సరిచేసుకున్నారు. "ఇంక ఉండదు. డాక్టరుగారు ఊరుకోరు, పొద్దున పూట పెట్టమంటారు. అదే న్యాయం కూడా."

"మీకు ముందే తెలుసని ఆయనకి చెప్పాలా వద్దా?"

"మీ ఇష్టం."

"నన్ను అడిగితే చెబుతాను. అడక్కపోతే చెప్పను" అన్నాను. అంతకన్నా పెద్ద మాట ఇవ్వడం నాకు చేతకాలేదు.

తర్వాతి ఆదివారం డాక్టరుగారు నాలుగింటికే వచ్చారు, వదినగారికి బెల్లం దిమ్మ పట్టుకుని. దీపాల వేళకి ఈసారి ఎర్రది పెట్టించారు. పళ్లెం పక్కన డాక్టరుగారే కూర్చున్నారు, ఎవరూ ముట్టుకోలేదు. పదిహేను నిమిషాల యాభై ఒక్క సెకన్లు రావాలని నేను ముందే కాగితం మీద రాసి మడిచి పెట్టాను. యాభై వచ్చింది. ఇంతకాలం శుభ్రంగా, తేలిగ్గా ఉందని మేము ఓడించిన ఎర్ర అట్టవాళ్లు ఆ పూట జంకారు, స్వరం స్వరం దగ్గరా ఆగి వెనక్కి చూసుకున్నారు. అచ్చం బూడిదవాళ్లలాగే.

డాక్టరుగారు తొడ మీద చరుచుకున్నారు. "పుస్తకమంతా కొట్టెయ్యండి ఇంక. అయినా ఒకటి అడుగుతానండీ. నలభైమందికి శ్రుతి ఇచ్చే చెవి కదా, ఇంత దిగితే కనిపెట్టలేకపోయారా? చర్చిలో వాళ్లకి తెలిస్తే మీ ఉద్యోగం ఊడగొడతారు."

వంటింట్లో చప్పుడు ఆగింది. ఆయన నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు.

"వయసండీ. చెవి మునుపటిలా లేదు" అన్నారు.

డాక్టరుగారు అయ్యో అని నొచ్చుకుని, చెవుల డాక్టరు పేరొకటి చీటీ మీద రాసిచ్చారు. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

తర్వాత ఆదివారాలు పొద్దున పూట, చర్చి అయ్యాక సాగాయి. ఆయన బతికున్నన్నాళ్లూ డాక్టరుగారు రావడం మానలేదు. పుస్తకంలో పాత పేజీలన్నిటి మీదా స్కేలు పెట్టి ఒక అడ్డగీత గీశారు ఆయన, డ్రాయింగు రద్దుచేసినట్టు.

నాకు మాత్రం లెక్క తేలలేదు. ఇద్దరిలో ఒకరికి ఆయన అబద్ధం చెప్పారు. డాక్టరుగారికి చెప్పింది నిజమైతే, ఆ చెవికి ఏమీ తెలియలేదు, బస్సులో నా ఎదుట పరువు కోసం తెలుసన్నారు. నాకు చెప్పింది నిజమైతే, ఎనిమిదేళ్లు స్నేహితుణ్ణి మోసం చేశారు, పట్టుబడే వేళ ఆ మోసం డాక్టరుగారికి తెలియకుండా తన చెవిని చెడ్డది చేసుకున్నారు. తెలిసినవాడైతే గడియారం పట్టుకుని రమ్మని నన్ను పిలవడమెందుకు? తెలియనివాడైతే వరస మార్చమంటే అంత పట్టుదల ఎందుకు? డైరీలు తీసి చూశాను. జనవరిలో బూడిదది ఐదూ యాభైకి మొదలైంది. మే నెలలో ఆరున్నర దాటాక. పొద్దు గూకే వేళతోపాటే అదీ వెనక్కి జరిగింది. కానీ ఎండాకాలం కాఫీలు ఎవరింట్లోనైనా ఆలస్యమే.

ఆయన పోయిన ఏడాదికి, ఊరికే కూర్చున్నప్పుడు, వదినగారిని అడిగాను.

"నాకు ఆ గోలేం తెలుసు వదినగారూ. రెండోది పెట్టేముందు మాత్రం గేటు దాకా వెళ్లి నిలబడి వచ్చేవారు. గాలికేనేమో. పాటకి అడ్డమని ఫ్యాను తీసేసేవారుగా."

"గేటు దగ్గర ఎటు చూసేవారు? రోడ్డు మీదికా, వీధిదీపం వైపా?"

"నేనేమన్నా వెనకాల వెళ్లి నిలబడ్డానా?" అన్నారామె.

అదీ నిజమే. ఆ కాసేపూ నేను లోపల కూర్చుని, ఎర్రదాని సెకన్లు డైరీలోకి ఎక్కిస్తూ ఉండేదాన్ని.